చేతికందేంత దూరం

తంగేడుపాడు శాఖా గ్రంథాలయంలో ఏ పిల్లాడూ ఎన్నడూ కిందపడలేదు. పడింది జిల్లాకి ఆ చివరనున్న మరో ఊళ్ళో. అక్కడ ఒక కుర్రవాడు పై అరలోని బొమ్మల పుస్తకం కోసం స్టూలెక్కి, జారి, నుదుటి మీద ఉసిరికాయంత బొప్పి కట్టించుకున్నాడు. వాళ్ళమ్మ ఇంత పసుపు అద్దింది. సాయంత్రానికి బొప్పి తగ్గింది. కానీ మర్నాడు పేపర్లో 'గ్రంథాలయంలో బాలుడికి గాయం: నిద్రపోతున్న యంత్రాంగం' అని పడేసరికి యంత్రాంగం నిద్రలేచింది. నిద్రలేచిన యంత్రాంగం ఎంత ప్రమాదకరమో హైమావతికి అప్పటికింకా తెలియదు.

హైమావతి తంగేడుపాడులో గ్రంథపాలకురాలు. పైనుంచి కాగితం వస్తే కళ్ళకద్దుకుని చదివే మనిషి. ఎప్పుడో తనిఖీకొచ్చిన అధికారి గోడ గడియారం ఆగి ఉందని మెమో ఇస్తే ఆవిడకి వారం రోజులు అన్నం సయించలేదు. అలాగని గట్టి మనిషి కాదనడానికీ వీల్లేదు. కురిసే కప్పునూ, కరిచే కుక్కనూ, పేపరు మడత నలిగిందని పోట్లాడుకునే పెన్షనర్లనూ ఏళ్ళ తరబడి ఒంటిచేత్తో నెట్టుకొస్తోంది. భయమల్లా కాగితమంటేనే.

గ్రంథాలయం మిరపకాయల యార్డుకి ఎదురుగా ఉంది. యార్డులో తొడిమలు తీసే పనికొచ్చే ఆడవాళ్ళు బడి వదిలాక పిల్లల్ని ఎక్కడుంచాలో తెలియక, రోడ్డు దాటించి గ్రంథాలయంలో వదిలేవాళ్ళు. లోపల ఫ్యానుంది, కుండలో నీళ్ళున్నాయి, కసురుకోని హైమావతి ఉంది. పిల్లలు మొదట ఫ్యాను కోసమే వచ్చారు. తరవాత చేతికందిన పుస్తకం తీశారు. ఆ తరవాత ఫ్యాను ఆగినా లేవడం మానేశారు. వాళ్ళలో సువార్తమ్మ కూతురు కెజియా అని ఒక పిల్ల, అయిదో తరగతి. పుస్తకం పట్టిందంటే పక్కన పిడుగు పడ్డా పేజీ తిప్పాకే తలెత్తుతుంది. దొడ్డివైపు చెట్టుకున్న జామకాయలు కూడా ఆ పిల్ల చూసేది కాదు. మిగతావాళ్ళు చూసేవాళ్ళు.

అలా ఉండగా ఉత్తర్వు వచ్చింది. కింద ఉపసంచాలకులు కైలాసనాథం గారి సంతకం. హైమావతి అటెండరు బుడేసాహెబ్‌ని పిలిచి కూర్చోబెట్టి పైకి చదివింది.

"ఇందుమూలముగా యావన్మంది గ్రంథపాలకులకు తెలియజేయడమేమనగా, బాలల భద్రత ఈ శాఖ యొక్క ఊపిరి. కావున ఇకమీదట ఏ బాలుడు గానీ, బాలిక గానీ సంరక్షకుడు లేకుండా గ్రంథాలయమున ప్రవేశించరాదు. సదరు సంరక్షకుడు బాలునికి చేతికందేంత దూరములో కూర్చుని, రెప్పవాల్చక, అనగా బాలునిపైనుండి దృష్టి మరల్చక ఉండవలెను. బాలుని తల్లిదండ్రులకు స్వయముగా అప్పగించువరకు సంరక్షకుడు గ్రంథాలయము విడిచి వెళ్ళరాదు."

"రెప్పలార్పకుండా దేవతలే ఉంటారమ్మా," అన్నాడు బుడేసాహెబ్. "వాళ్ళకి మన ఊరొచ్చే తీరికుండదు."

యార్డు తల్లులకి మాత్రం తీరిక ఎక్కడిది? కాటా వేసేలోపు బస్తా పూర్తికాకపోతే మేస్త్రి మాటలు మిరపకాయల కన్నా ఘాటుగా ఉంటాయి. పిల్లలు గుమ్మం బయట నిలబడి లోపలికి చూస్తుంటే హైమావతి ఊరుకోలేకపోయింది. ఉత్తర్వును మళ్ళీ చదివింది. అందులో సంరక్షకుడు అన్నారే గానీ చుట్టమై ఉండాలనలేదు. ఆవిడ చూపు పేపర్ల బల్ల దగ్గర కూర్చున్న పెన్షనర్ల మీద పడింది.

వాళ్ళ నాయకుడు పానకాలరావు గారు. రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. నిబంధన అన్న మాట వింటే ఆయన వెన్ను నిటారుగా అవుతుంది. విషయం చెప్పగానే తానే పిల్లల్ని తలా ఒకరికి పంచి, తన వంతుకు కెజియాను తీసుకున్నారు. అంతా సవ్యంగానే ఉందనుకుంటూ పేపరు విప్పబోయారు.

"తాతగారూ, మీరు పేపరు చూడకూడదంట. నన్నే చూడాలంట," అంది కెజియా.

పానకాలరావు గారు ఉత్తర్వు తెప్పించుకుని చదివారు. పిల్ల చెప్పింది నిజమే. ఆ రోజు ఊరి పెద్దలంతా ఎదురెదురుగా కూర్చుని పిల్లల మొహాల్లోకి గుడ్లప్పగించి చూస్తూ కాలం గడిపారు. మర్నాడు పానకాలరావు గారికి పేపరు లేక కుర్చీలో కుదురు లేకపోయింది. కెజియా జాలిపడి ఆయన పేపరు తీసి తానే పైకి చదవడం మొదలుపెట్టింది. ఆయన పిల్లనే చూస్తూ పేపరు విన్నారు. ఇది చూసి మిగతా పెద్దలూ అదే దారి పట్టారు. నాలుగు రోజులకల్లా గ్రంథాలయం సంతలా మోగింది. 'ద్రవ్యోల్బణం' అని ఒకడు కూడబలుక్కుంటుంటే, 'అవిశ్వాస తీర్మానం' అని ఇంకోడు అరుస్తున్నాడు. మధ్యమధ్య "ఒరే, ఆ మూలన చావుల కబుర్లుంటాయి, అవి చదువు" అని ఒక తాతగారు. ఇదేదో బాగానే ఉందే అనుకుంది హైమావతి. ఆవిడ చేసిన పొరపాటు ఏమిటంటే, ఆ మాట నెలవారీ నివేదికలో రాసింది.

రెండో ఉత్తర్వు రివ్వున వచ్చింది.

"రక్తసంబంధము లేని సంరక్షకుని వలననే బాలలకు హాని కలుగు అవకాశము లేకపోలేదు. కావున ప్రతి సంరక్షకుని పైనను ఒక పరిశీలకుడు ఉండవలెను. పరిశీలకుడు సంరక్షకుని పైనుండి దృష్టి మరల్చరాదు."

"మరి పరిశీలకుణ్ణి ఎవరు చూస్తారంట?" అడిగాడు బుడేసాహెబ్.

"నెమ్మదిగా అను. ఎవరైనా విని రాసేస్తారు," అంది హైమావతి.

ఊళ్ళో పెన్షనర్ల లెక్క పిల్లల లెక్కకే బొటాబొటీగా సరిపోయింది. పరిశీలకులు రావాలంటే సగంమంది పెన్షనర్లు సంరక్షణ వదిలి పరిశీలనకి మారాలి. అంటే సగంమంది పిల్లలు బయటికి వెళ్ళాలి. వెళ్ళారు. మిగిలిన వాళ్ళకి ఒక్కొక్కరికి మూడేసి కుర్చీలు పట్టేసరికి స్థలం చాలక వాళ్ళలోనూ కొందరు వెళ్ళారు. పానకాలరావు గారు మాత్రం కెజియాను వదల్లేదు. తన మీద పరిశీలకుడిగా తన బావమరిదిని తెచ్చి కూర్చోబెట్టుకున్నారు. పాతికేళ్ళుగా మాటల్లేని ఆ బావాబావమరుదులు ఉత్తర్వు పుణ్యమా అని ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు.

మూడో ఉత్తర్వు పుస్తకాల మీద వచ్చింది. పై అరల్లో పుస్తకాలుంటే పిల్లలు ఎక్కి పడతారు కాబట్టి కింద పెట్టాలి. బుడేసాహెబ్ అన్నీ దించి నేలమీద పేర్చాడు. వారం తిరక్కుండా ఇంకోటి: నేలమీది పుస్తకాలు కాలికి తగిలి పిల్లలు బోర్లాపడే ప్రమాదం ఉంది, బీరువాల్లో పెట్టాలి. బీరువాల్లో సర్దాక, బీరువా తలుపుల సందున వేళ్ళు నలిగే ప్రమాదం కనిపెట్టారు. తాళం వేయమన్నారు. తాళం వేశాక, బీరువా మీద పడితే ఎట్లా అన్న సందేహం ఎవరికో వచ్చింది. 'బాలలకూ పుస్తకములకూ నడుమ కనీసము మూడడుగుల దూరము పాటించవలెను' అని గీత గీయించారు. బుడేసాహెబ్ సున్నంతో గీత గీస్తూ, "పుస్తకం కరుస్తుందని మా నాయన నన్ను బడికి పంపలేదమ్మా. ఆయన ఎంత ముందుచూపున్న మనిషో ఇప్పుడు తెలుస్తోంది," అన్నాడు.

గీతకి ఇవతల కూర్చుని తాళం వేసిన బీరువాని చూడ్డానికి ఏ పిల్లలొస్తారు? కెజియా కూడా మానేసింది. గ్రంథాలయం ప్రశాంతంగా, క్షేమంగా, ఖాళీగా ఉంది.

పిల్లలు యార్డు గేటు ముందు, లారీలు మలుపు తిరిగే చోట కూర్చోసాగారు. ఒక రోజు బస్తాల లారీ ఒకటి వెనక్కొస్తూ వస్తూ కెజియా బడిసంచీ మీంచి పోయింది. పిల్ల పక్కకి దూకింది కాబట్టి సంచీతో సరిపోయింది. కేకలు విని హైమావతి పరుగెత్తుకొచ్చేసరికి సువార్తమ్మ చేతినిండా మిరప కారంతో, ఆ చేత్తో పిల్లని తాకలేక, మోచేతులతో పొదువుకుని ఏడుస్తోంది. హైమావతిని చూడగానే ఏడుపాపింది.

"లోన స్టూలు మీంచి పడతదని ఈడ లారీ కింద కూర్చోబెట్టారా మేడమ్? మీ బీరువాలకేం కాలేదుగా? ఆటిని బాగా చూసుకోండి. పిల్లల్దేముంది, మళ్ళా కంటాం!"

 చక్రం కింద నలిగిన పలక ముక్కలు బుడేసాహెబ్ ఏరుతుంటే హైమావతి కూడా వంగి ఏరింది. ఆ సాయంత్రం, ఉద్యోగంలో చేరాక మొదటిసారి, పైవాళ్ళు అడక్కుండానే వాళ్ళకి కాగితం రాసింది. జరిగింది జరిగినట్టు రాసి, పిల్లల్ని లోపలికి రానివ్వమని వేడుకుంది.

జవాబు మర్యాదగానే వచ్చింది. "గ్రంథాలయ ప్రహరీకి వెలుపల జరుగు సంఘటనలు ఈ శాఖ పరిధిలోనికి రావు. సదరు బాలిక ఘటనా సమయమున గ్రంథాలయమున లేనందున ఆమె క్షేమముగానే ఉన్నట్లు భావించడమైనది. ఇకపోతే, పిల్లలెవ్వరూ గాయపడని కారణమున తమ శాఖను జిల్లాలో ఉత్తమ బాల సురక్షిత గ్రంథాలయముగా ఎంపిక చేసినందులకు హర్షము వెలిబుచ్చుచున్నాము. ఉపసంచాలకులు వారు స్వయముగా విచ్చేసి జ్ఞాపిక బహూకరించెదరు."

ఆ రాత్రి హైమావతికి గడియారం మెమో నాటిలాగే అన్నం సయించలేదు. ఈసారి భయంతో కాదు.

కైలాసనాథం గారు చెప్పిన రోజుకి కారులో వచ్చారు. ఫొటోగ్రాఫరు వెంట ఉన్నాడు. ఇస్త్రీ చేసిన తెల్లటి పంచెలాంటి మనిషి, మడత చెదరదు. గీత చూసి మెచ్చుకున్నారు. తాళం లాగి చూసి మరింత మెచ్చుకున్నారు. బీరువా ముందు జ్ఞాపికతో నిలబడి అటూ ఇటూ చూశారు.

"పిల్లలేరమ్మా?"

"లేరండీ."

"బాల సురక్షిత గ్రంథాలయం ఫొటోలో బాలలు లేకపోతే ఏం బాగుంటుంది? బయట ఎవరో ఆడుకుంటున్నట్టున్నారే, పిలిపించండి."

"సంరక్షకులు లేరండీ."

"అబ్బ! రెండు నిమిషాల పనికి సంరక్షకులేంటమ్మా? సరే, నేనున్నానుగా. నేనే సంరక్షకుణ్ణి. సంరక్షకుల పుస్తకం తీసుకురండి, సంతకం పెడతాను."

పెట్టారు. పానకాలరావు గారు ముందుకొచ్చి, "అయ్యా, తమ మీద పరిశీలకుడిగా నేను సంతకం చేస్తున్నాను," అన్నారు, పెళ్ళిలో సాక్షి సంతకానికి పిలిచినంత గౌరవంగా. బుడేసాహెబ్ గేటు ముందున్న పిల్లలందర్నీ తోలుకొచ్చాడు. కైలాసనాథం గారు ఒక పిల్లాడి తలమీద చెయ్యి పెట్టారు. ఫొటో తీశారు. ఫొటోగ్రాఫరు వెళ్ళిపోయాడు. కైలాసనాథం గారు గుమ్మం వైపు అడుగు వేశారు.

గుమ్మంలో హైమావతి నిలబడి ఉంది.

"సార్, పిల్లల్ని తల్లిదండ్రులకి అప్పగించలేదు."

"ఏమిటీ?"

"సంరక్షకుడు గ్రంథాలయం విడిచి వెళ్ళరాదని ఉత్తర్వు సార్. తల్లులు పొద్దుగూకాక కాటా అయ్యాకే వస్తారు."

"నాకు మీటింగుందమ్మా!"

హైమావతి గుమ్మం వదల్లేదు.  "సార్ నన్ను పరీక్షిస్తున్నారు. నాకు తెలుసు. నేను సడలించి చూశాననుకోండి, మెమో ఇస్తారు."

ఆయన ఆవిడ మొహంలోకి చూశారు. అందులో వెటకారం ఉందేమోనని వెతికారు. ఉందో లేదో ఆవిడకే తెలియదు. ఉత్తర్వు తప్పందామంటే దాని కింద ఉన్న సంతకం ఆయనదే. పైగా పక్కన పానకాలరావు గారు కళ్ళార్పకుండా ఆయన్నే చూస్తున్నారు. కైలాసనాథం గారు వచ్చి కుర్చీలో కూర్చున్నారు.

అందరూ చేతికందేంత దూరంలో ఉండాలి కనక పిల్లలు ఆయన చుట్టూ బెల్లం చుట్టూ చీమల్లా చేరారు. ఫోను మోగింది.

"దృష్టి మరల్చరాదు," అన్నారు పానకాలరావు గారు.

ఫోను మోగి మోగి ఊరుకుంది. అంతలో ఒక పిల్లాడు చిటికెన వేలు చూపించాడు. వాణ్ణి ఒంటరిగా పంపడానికి లేదు, తాను వెంట వెళితే మిగతావాళ్ళ మీదినుంచి దృష్టి మరలుతుంది. కాబట్టి అందరూ కలిసి బయల్దేరారు. ముందు పిల్లాడు, వెనక కైలాసనాథం గారు, ఆయన చుట్టూ పిల్లలు, ఆయన్ని చూస్తూ పానకాలరావు గారు, చెంబుతో బుడేసాహెబ్. దొడ్లోకి ఊరేగింపు వెళ్ళి వచ్చింది. వచ్చి కూర్చోగానే ఇంకొకడు వేలు చూపించాడు.

మూడో ఊరేగింపు అయ్యేసరికి కైలాసనాథం గారి చొక్కా మడతలు చెదిరాయి. ఒకడు ఆయన కుర్చీ కోడు పట్టుకుని ఊపుతున్నాడు. ఇద్దరు జుట్లు పట్టుకున్నారు. ఒక చంటిది ఆయన గడియారం విప్పే ప్రయత్నంలో ఉంది.

"వీళ్ళు ఎప్పుడూ ఇంతేనా అమ్మా?" ఆయన గొంతు బొంగురుపోయింది.

"లేదు సార్. ఇదివరకు చదువుకునేవాళ్ళు. చదివే పిల్లలు కదలరు సార్, కదలకపోతే పడరు."

ఆయన బీరువా వైపు చూశారు. గీత వైపు చూశారు. "తాళం తియ్యండి."

"సార్, మూడడుగులు..."

"నా బాధ్యత! తియ్యండి తల్లీ, మీకు పుణ్యం ఉంటుంది!"

బుడేసాహెబ్ తాళం తీశాడు. పిల్లలు ఒక్క క్షణం నమ్మలేదు. తరవాత గీత దాటారు. బీరువా చుట్టూ ఒక తోపులాట జరిగింది, ఎవరి వేళ్ళూ నలగలేదు. ఎవరికి కావలసింది వాళ్ళు లాక్కుని ఎక్కడివాళ్ళక్కడ కూలబడ్డారు. అంతే, గది చప్పుడు చేయడం మానేసింది. ఫ్యాను తిరిగే మోత వినిపించింది. కైలాసనాథం గారు ఆ నిశ్శబ్దాన్ని చాలాసేపు అనుమానంగా విన్నారు.

కెజియా పుస్తకంతో వచ్చి ఆయన పక్కనే కూర్చుంది. "మీరు నన్నే చూడాలి కదా సార్, మీకేం తోచదు. పైకి చదవనా?"

నక్క ఒకటి మునసబుగారి పదవి కోసం అర్జీ పెట్టుకున్న కథ అది. ఆయన మొదట వినలేదు. కాసేపటికి మోచేయి కుర్చీ మీద ఆనించారు. "అర్జీ ఎవరికి పెట్టుకుంది?" అన్నారు. ఆ తరవాత రెండుచోట్ల నవ్వారు. ఎంత సుఖంగా ఉందో ఏమో, కథ సగంలో గడ్డం గుండెల మీదికి వాల్చి గుర్రు పెట్టారు.

ఉపసంచాలకులు రెప్పవాల్చిన సంగతి సంరక్షకుల పుస్తకంలో రాయాలని పానకాలరావు గారు కలం తీశారు. కెజియా పెదవుల మీద వేలు పెట్టి, "లేపకండి తాతగారూ, పడిపోతారు," అంది. కుర్చీ పక్కకి ఒరిగితే పట్టుకోవడానికి వీలుగా, చేతికందేంత దూరంలో కూర్చుని కథ మనసులో చదువుకోసాగింది. పానకాలరావు గారు కలం జేబులో పెట్టుకున్నారు.

పొద్దుగూకాక తల్లులొచ్చారు. సువార్తమ్మ గుమ్మంలో ఆగిపోయింది. బీరువాలు బార్లా తెరిచి ఉన్నాయి. నేలనిండా పిల్లలు, పిల్లల నిండా పుస్తకాలు. మధ్యలో నోరు తెరుచుకుని నిద్రపోతున్న పెద్దమనిషి, పక్కన కాపలాగా తన కూతురు.

"అయ్యో, ఈ పెద్దాయన్ని ఎవరొదిలేసి పోయారమ్మా?" అంది సువార్తమ్మ. "ఈయనకెవరూ లేరా?"

కైలాసనాథం గారు ఉలిక్కిపడి లేచారు. పిల్లల్ని ఒక్కొక్కర్నే తల్లులకి అప్పగించారు.  కారెక్కబోతూ వెనక్కి తిరిగి, "ఇంతకీ నక్కకి మునసబీ వచ్చిందా?" అని కెజియాను అడిగారు.

"రేపొస్తే చెప్తా సార్," అంది కెజియా.

ఆయన మర్నాడు రాలేదు. ఆ వారంలో ఉత్తర్వు వచ్చింది. హైమావతి కవరు చింపింది. పానకాలరావు గారు, బుడేసాహెబ్, పిల్లని దించడానికొచ్చి గుమ్మంలో నిలబడ్డ సువార్తమ్మ వింటుండగా చదివింది. ఇచ్చిన ఉత్తర్వు వెనక్కి తీసుకోవడం ఆ శాఖ వంశంలో లేదు. కాబట్టి తీసుకోలేదు. సవరించారు.

"సంరక్షకులు రక్తసంబంధీకులైన యెడల పరిశీలకులు గానీ, తాళములు గానీ, గీతలు గానీ అవసరము లేదు. తంగేడుపాడు శాఖా గ్రంథపాలకురాలు శ్రీమతి హైమావతిని, ఈ ఉత్తర్వు వెలువడిన తేదీ నుండి, సదరు గ్రంథాలయమునకు వచ్చు బాలబాలికలందరికిని మేనత్తగా భావించవలెను."

 పానకాలరావు గారు కాగితం తీసుకుని సంతకం, ముద్ర సరిచూశారు. "చెల్లుతుంది," అన్నారు.

"అంటే ఏందంట?" అడిగింది సువార్తమ్మ.

"ఆవిడ మీ పిల్లకి మేనత్తంట. సర్కారు వారి ఉత్తర్వు," అన్నాడు బుడేసాహెబ్.

సువార్తమ్మ హైమావతిని కిందినుంచి పైదాకా చూసింది. లారీ నాటి కోపం ఆవిడ మొహంలో ఇంకా కాస్త మిగిలే ఉంది. కానీ పెదవి కొస వణికి, నవ్వు తన్నుకొచ్చింది. "అంటే ఈ పొద్దునించీ నువ్వు నాకు ఆడబిడ్డవన్నమాట! ఓరి దేవుడో, అసలే ఇద్దరున్నారు, చాలదని గవర్నమెంటోళ్ళు ఇంకోదాన్ని పంపారా?"

హైమావతి కాగితం మడిచింది. కెజియా అప్పటికే ఆవిడ కొంగు పక్కనుంచి దూరి బీరువా దగ్గరికి పోయింది. ఆవిడ ఆ పిల్ల రేగిన జుట్టు చూసింది, సువార్తమ్మను చూసింది, జన్మలో ఎవరినీ గద్దించని గొంతు సవరించుకుంది.

"నవ్వింది చాల్లే వదినా. రేపట్నించీ పిల్లకి తలదువ్వి పంపు," అంది.